గాలి ఊళ్లో ఆగాలా? లూడెరిట్జ్ గురించి అడిగిన విశాఖ దంపతులకు

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. మావారు షిప్పుల్లో సెకండ్ ఇంజనీరుగా చేసి ఈమధ్యే మానేశారు. వచ్చే జనవరిలో కేప్‌టౌన్‌లో ఆయన స్నేహితుడి 36 అడుగుల తెరచాప బోటు తీసుకుని, ఇద్దరమే సెయింట్ హెలీనా మీదుగా బ్రెజిల్ వెళ్లాలని అనుకుంటున్నాం. దారిలో నమీబియాలోని లూడెరిట్జ్‌లో ఆగుదామని ఆయన. అక్కడ గాలి, ఇసుక తప్ప ఏమీ లేదట, నేరుగా పోదామని నేను. ఆగాలా? ఆగితే ఎన్ని రోజులు? నిజం చెప్పాలంటే నాకు ఆ గాలి పేరు వింటేనే టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ఆగండి. ఎన్ని రోజులన్నది మాత్రం మీరు గానీ మీవారు గానీ తేల్చేది కాదు. మేం మూడు రోజులనుకుని వెళ్లి పదకొండు రోజులున్నాం. అందులో నాలుగు రోజులు మా ఇష్టంతో ఉన్నవి, మిగతా ఏడూ గాలి ఉంచినవి.

మాది మహారాణిపేట. మావారు చీఫ్ ఇంజనీరుగా రిటైరయ్యారు, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. 2018 ఫిబ్రవరి మధ్యలో 37 అడుగుల బోటులో కేప్‌టౌన్ నుంచి బయల్దేరాం. ఆ ఏడాది అక్కడ భయంకరమైన నీటి కరువు, మనిషికి రోజుకు 50 లీటర్లే వాడాలని నిబంధన. పైపు పట్టుకుని మా ట్యాంకులు నింపుకుంటుంటే దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. మేం వెళ్లిపోయాక మార్చి మొదట్లో మన నేవీ అమ్మాయిలు ఆరుగురు ‘తారిణి’ అనే తెరచాప బోటులో ప్రపంచాన్ని చుట్టి వస్తూ అదే ఊరు చేరారు. వాళ్లలో స్వాతి మన వైజాగ్ అమ్మాయే. రెండు వారాలు ఆగి ఉంటే చూసేవాళ్లం కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ముందు మీ టెన్షన్ సంగతి. మన విశాఖవాళ్లకు గాలి అంటే తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వంటింటి కిటికీ రెక్క ఎక్కడికి పోయిందో ఈరోజుకీ తెలీదు. అంచేత మనకు గాలి పెరిగిందంటే మబ్బు, వాన, కరెంటు పోవడం, చెట్లు కూలడం అన్నీ కలిసి గుర్తొస్తాయి. లూడెరిట్జ్ గాలి ఆ జాతి కాదు. ఆకాశం నీలంగా, ఒక్క మబ్బు లేకుండా మెరుస్తుంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉంటాయి. పదకొండుకు తాళ్లు చిన్నగా ఈల వేయడం మొదలుపెడతాయి. రెండింటికల్లా 30 నాట్లు, ఒక్కోరోజు 40. చీకటి పడ్డాక ఎప్పుడో తగ్గుతుంది. మర్నాడు మళ్లీ అదే. అక్కడి వేసవిలో, అంటే అక్టోబరు నుంచి మార్చి దాకా, ఇదే వరస. తుఫాను వచ్చి పోయే చుట్టమైతే ఇది రోజూ డ్యూటీకొచ్చే ఉద్యోగి. ఎప్పుడొస్తుందో తెలిశాక భయం సగం పోతుంది.

(నాట్లు అంటే వరి నాట్లు కాదని మా చెల్లెలికి చెప్పాల్సి వచ్చింది. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 40 నాట్లంటే దాదాపు 74 కిలోమీటర్ల వేగం.)

అది అంత క్రమం తప్పకుండా ఎందుకు వీస్తుందో తెలిస్తే మీకు ఇంకాస్త ధైర్యం వస్తుంది. ఆ తీరం వెంట దక్షిణం నుంచి బెంగ్వేలా అనే చల్లటి ప్రవాహం వస్తుంది. సముద్రం మీది గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. పక్కనే నమీబ్ ఎడారి మధ్యాహ్నానికి వేడెక్కిపోతుంది. ఆ తేడాకు తోడు దక్షిణ అట్లాంటిక్‌లో ఎప్పుడూ ఉండే అధిక పీడనం వెనక నుంచి నెడుతుంది. ఇక గాలి తీరం వెంట ఉత్తరానికి పరుగు. ఆ గాలి, భూభ్రమణం కలిసి పై నీటిని తీరం నుంచి దూరంగా నెట్టేస్తే, అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ తీరం మొత్తంలో ఈ పైకి రావడం అన్నిటికంటే బలంగా ఉండేది లూడెరిట్జ్ దగ్గరే. అందుకే అక్కడ చేపలెక్కువ, వాన మాత్రం ఏడాదికి 20 మిల్లీమీటర్లు కూడా పడదు. మన తీరంలోనూ వేసవి ముందు చిన్న ఎత్తున ఇలాంటిది జరుగుతుంది. 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త వాల్తేరు ఎదురుగా ఉన్న సముద్రంలోనే దీన్ని పరిశీలించారు. నేను చదువుకున్న ఊళ్లో జరిగిన పని నాకు ఆఫ్రికా వెళ్లాక తెలిసింది!

ఎడారి అనగానే మీరు కాటన్ బట్టలు సర్దుతారు. నేనూ అదే పొరపాటు చేశాను. ఫిబ్రవరి నడివేసవిలో కూడా మధ్యాహ్నం 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండేది. సముద్రం నీళ్లు 13, 14. రుషికొండలో దూకినట్టు దూకుదామనుకోకండి, ఊపిరి ఆగినంత పనవుతుంది. పడుకునేటప్పుడు రెండు దుప్పట్లు, స్వెట్టరు, తలకు మంకీ క్యాపు. మా అత్తగారు అరకు వెళ్లేటప్పుడు పెట్టుకునే ఎర్ర క్యాపు నా సంచిలో పొరపాటున వచ్చింది. ఆ పదకొండు రోజులూ అది నా తల దిగలేదు.

ఇక చేరుకోవడం. కేప్‌టౌన్ నుంచి సుమారు 470 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 870 కిలోమీటర్లు, మాకు నాలుగు రోజులు పట్టింది. గాలి వెనక నుంచే కాబట్టి ప్రయాణం హాయి, పొగమంచు మాత్రం హాయి కాదు. చల్లటి నీటి మీద కమ్ముకునే ఆ మంచులో బోటు ముక్కు కూడా కనపడదు. చేపల బోట్లు తిరిగే చోటు అది. ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలు ఎక్కడున్నాయో రేడియోతో చూపే పరికరం), రాడార్ రెండూ పనిచేస్తున్నాయో లేదో కేప్‌టౌన్‌లోనే చూసుకోండి. డియాస్ పాయింట్ మీద ఎరుపు, తెలుపు పట్టీల లైట్‌హౌస్ ఉంటుంది. 1488లో పోర్చుగీసు నావికుడు బార్తొలోమ్యూ డియాస్ రాతి శిలువ నాటిన చోటు అది. లైట్‌హౌస్ కంటే ముందు మాకు వాసన తెలిసింది. పక్కనే హాలిఫాక్స్ ద్వీపం నిండా పెంగ్విన్లు, వాటి రెట్ట. ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపల వాసనకు అలవాటు పడ్డ ముక్కు కూడా దానికి ఓడిపోయింది.

రాత్రిపూట లోపలికి వెళ్లొద్దు. మధ్యాహ్నం గాలిలోనూ వద్దు. మేం సాయంత్రం నాలుగింటికి దగ్గరికి వచ్చాం. వెళ్లిపోదామని మావారు, వద్దని నేను. ఆ వాదనలో నేను గెలిచాను. తీరానికి దూరంగా తెరచాప తగ్గించి రాత్రంతా వంతుల వారీగా మేలుకుని, పొద్దున్న ఆరున్నరకు అద్దంలాంటి నీళ్ల మీద లోపలికి జారుకున్నాం. బయటి దేశం నుంచి వచ్చామని తెలిపే పసుపు జెండా ఎగరేసి, వీహెచ్ఎఫ్ రేడియోలో పోర్టువాళ్లను పిలిచి, ఎక్కడ ఉండమంటే అక్కడ ఉన్నాం. తర్వాత ఇమిగ్రేషన్, కస్టమ్స్ కాగితాలు. మన పాస్‌పోర్టుకు వీసా ముందే చేతిలో ఉండేట్టు చూసుకోండి. విమానంలో దిగేవాళ్లకు ఇచ్చే సౌకర్యాలు బోటులో వచ్చేవాళ్లకు వర్తిస్తాయని లెక్కేసుకోకూడదు, ఏ దేశంలోనైనా.

హార్బర్‌లో అసలు పని లంగరుది. ఇక్కడ నాలోని లెక్కల టీచరును కాసేపు భరించండి. గాలి వేగం రెండింతలైతే అది బోటును నెట్టే బలం నాలుగింతలవుతుంది. పొద్దున్న 10 నాట్ల గాలిలో లంగరు గట్టిగా పట్టిందని సంబరపడితే, మధ్యాహ్నం 40 నాట్లకు దాని మీద పదహారింతల బరువు పడుతుంది. గొలుసు ఎంత వదలాలో లెక్కేసేటప్పుడు నీటి లోతొక్కటే చూడకూడదు. లోతు 6 మీటర్లు, బోటు ముక్కు నీటికి పైన 1 మీటరు, పోటు వస్తే పెరిగేది 1.5 మీటర్లు అనుకోండి. మొత్తం 8.5. గట్టి గాలికి దానికి ఏడింతల గొలుసు వదలాలి, అంటే దాదాపు 60 మీటర్లు. లోతు ఆరే కదా అని 42 వదిలితే, పోటూ ముదిరిన గాలీ ఒకేసారి వచ్చినప్పుడు లంగరు పైకి లేవొచ్చు. వేశాక ఇంజను వెనక్కి తిప్పి గట్టిగా లాగి చూడండి. గొలుసు మీద అరచెయ్యి పెడితే, లంగరు రాతి మీద జారుతుంటే గరగర చేతికి తెలుస్తుంది. మూరింగ్ బోయా (బోటు కట్టుకోవడానికి అడుగున గొలుసుతో బిగించి ఉంచిన తేలే డబ్బా) ఎవరైనా ఇస్తే సంతోషమే గానీ, నీటి కింద దాని గొలుసు ఎలా ఉందో ఎవరు చూశారు? మేం ఒకటి తీసుకుని కూడా మా లంగరు అదనంగా వేసుకున్నాం. నాలుగో రోజు రాత్రి ఆ బోయాకు కట్టిన మా తాడు ఒరుసుకుని సగం తెగింది. తప్పు మాదే, తాడుకు రబ్బరు పైపు తొడగలేదు.

అంతకంటే పెద్ద బుద్ధితక్కువ పని డింగీతో, అంటే ఒడ్డుకు వెళ్లి వచ్చే చిన్న పడవతో చేశాం. మొదటి రోజు ఊళ్లోంచి వచ్చి, ఆ గాలి బుడగ పడవను చిన్న మోటారుతో సహా బోటు వెనక తాడుకు కట్టి వదిలేశాం. మూడింటికి చప్పుడైతే చూస్తే డింగీ గాలిపటంలా లేచి తిరగబడింది. మోటారు ఉప్పు నీళ్లలో తలకిందులు. తొంభై వేల టన్నుల షిప్పు ఇంజన్లు నడిపిన మనిషి రెండు హార్స్‌పవర్ మోటారును ముక్కలు ముక్కలుగా విప్పి, మంచినీళ్లతో కడిగి, డీజిలు పట్టించి, మళ్లీ బిగించడానికి రెండు రోజులు కూర్చున్నారు. నేను నవ్వలేదు. నవ్వితే వంట కూడా నేనే చేయాల్సి వచ్చేది. మీరు మాత్రం ఒడ్డు నుంచి రాగానే మోటారు విప్పి పైన పెట్టండి, డింగీని డెక్ మీదికి లాగి కట్టేయండి. రోజూ. బద్ధకించిన రోజే గాలి గుర్తుపెట్టుకుంటుంది.

అప్పుడు పెట్టుకున్న రూలే మీకూ చెబుతున్నాను: పొద్దున మనది, మధ్యాహ్నం గాలిది. పన్నెండు తర్వాత బోటు ఖాళీగా ఉండకూడదు. ఇద్దరూ కలిసి తిరగాలంటే ఏడింటికే ఒడ్డుకు పోయి పదకొండున్నరకల్లా వచ్చేయాలి. సాయంత్రం ఎవరికైనా పని ఉంటే ఒకరే వెళ్లాలి, రెండోవాళ్లు బోటు మీద ఉండాలి. అది కూడా డింగీ నడవగలిగే గాలి ఉంటేనే.

చిత్రమేమిటంటే ఆ ఊరూ అదే రూలు మీద బతుకుతుంది. ఊరి నుంచి ఎడారిలోకి సుమారు పది కిలోమీటర్లు వెళ్తే కోల్మన్‌స్కోప్ అని ఇసుకలో కూరుకుపోయిన పాత గని ఊరుంది. టికెట్ ఉంది, గైడ్ చూపిస్తారు. మేం వెళ్లినప్పుడు పొద్దున్నే తెరిచి ఒంటిగంటకు మూసేసేవారు. అది మాత్రం వదులుకోవద్దు. 1908లో రైలు పట్టాల మీద గాలి పోసిన ఇసుకను పారతో తీసే పనిలో ఉన్న జకరియాస్ లెవాలా అనే కూలీకి ఒక రాయి మెరిసింది. అంతకుముందు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో పనిచేసినవాడు కాబట్టి వజ్రమని పోల్చుకుని పై ఉద్యోగి ఆగస్ట్ స్టౌఖ్ చేతిలో పెట్టాడు. స్టౌఖ్ కోటీశ్వరుడయ్యాడు. లెవాలాకు దక్కింది ఏమీ లేదు. అంటే ఆ గాలి ఇసుక పోయకపోతే, దాన్ని రోజూ ఎత్తే మనిషి లేకపోతే, అప్పుడక్కడ వజ్రం బయటపడేది కాదు. తర్వాత ఎడారి మధ్యలో జర్మన్ ఇళ్లు, ఆస్పత్రి, అందులో ఎక్స్-రే మెషీను, ఐసు ఫ్యాక్టరీ, నాట్యాల హాలు అన్నీ వెలిశాయి. నీళ్లు కేప్‌టౌన్ నుంచి ఓడలో వచ్చేవట. దక్షిణాన ఆరెంజ్ నది దగ్గర ఇంకా పెద్ద వజ్రాలు దొరికేసరికి జనం అటు పోయారు. 1956 నాటికి ఊరు ఖాళీ. ఇప్పుడు గదుల్లో నడుం లోతు ఇసుక, గోడ మీద పువ్వుల రంగు మాత్రం అలాగే ఉంది. ఒక ఇంట్లో తలుపు సగం తెరిచి ఉండగా ఇసుక వచ్చి ఆపేసింది. ఆ తలుపు ఇక మూసుకోదు, తెరుచుకోదు. మన భీమిలి ఎర్రమట్టి దిబ్బల్ని చూసి ఇసుక అంటే కదలకుండా పడి ఉండేదని అనుకునేదాన్ని. అక్కడ అది నడిచి వస్తుందని తెలిసింది.

ఒక హెచ్చరిక. ఊరి చుట్టుపక్కల నేల చాలావరకు వందేళ్లుగా నిషిద్ధ ప్రాంతం. ఇప్పుడు నేషనల్ పార్కు చేసినా అనుమతి లేకుండా వెళ్లకూడదు. డింగీ వేసుకుని కనపడ్డ బీచి మీదల్లా దిగొద్దు. మెరిసే రాళ్లు ఏరుకోవద్దు. సానబెట్టని వజ్రం జేబులో ఉండటం ఆ దేశంలో నేరం.

ఇంకొకటి, దాని గురించి ఎవరూ మీకు చెప్పరు. మీ బోటు ఉండే చోటికీ బయటి సముద్రానికీ అడ్డంగా ఒక రాతి గుట్ట ఉంటుంది. గాలి మలుపు తీసుకుని దాని మీదుగానే మీ మీదికి వస్తుంది. పేరు షార్క్ ఐలండ్, ఇప్పుడు రోడ్డుతో ఊరికి కలిసిపోయింది. టూరిస్టులు టెంట్లు వేసుకునే క్యాంపు స్థలం. 1905 నుంచి 1907 వరకు అది జర్మన్ల నిర్బంధ శిబిరం. తమ నేల కోసం తిరగబడ్డ హెరెరో, నామా జనాన్ని ఆడవాళ్లు, పిల్లలతో సహా అక్కడ పడేశారు. వాళ్లతోనే హార్బర్ పని, రైలు పట్టాల పని చేయించారు. చలికి, ఆకలికి, జబ్బులకు అక్కడే రాలిపోయారు. నామా నాయకుడు కొర్నేలియస్ ఫ్రెడరిక్స్ 1907లో అక్కడే చనిపోయాడు. అది మారణహోమమని జర్మనీ ఒప్పుకుంది 2021లో. మేం స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని కూడా వణికిన గాలి అది. గోనెపట్టాలు కప్పుకున్నవాళ్ల మీద ఎలా వీచి ఉంటుందో నాకు ఆ రాత్రుళ్లు మనసులోంచి పోలేదు. కొండ మీది చర్చి, గోర్కె హౌస్ అనే వజ్రాల కాలపు బంగళా అందంగానే ఉంటాయి, చూడండి. కానీ ముందు ఆ గుట్ట మీదికి ఒక పొద్దున్న నడిచి వెళ్లి రండి. ఫొటోలు తర్వాత.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సూపర్‌మార్కెట్లలో బియ్యం, ఉల్లి, బంగాళాదుంప, గుడ్లు దొరుకుతాయి. ఆకుకూరల మీద ఆశ పెట్టుకోకండి. దక్షిణాఫ్రికా రాండ్లు అక్కడ నమీబియా డాలరుతో సమానంగా చెల్లుతాయి, మిగిలినవి మార్చే పని లేదు. హేక్ అనే తెల్ల చేప చవగ్గా, తాజాగా దొరికింది. పులుసు పెడితే ముక్క చెదిరిపోతుంది. మన కోనెం అనుకుని గరిటె పెట్టి తిప్పకండి, వేయించుకోండి. చింతపండు, కారం, కందిపొడి, ఆవకాయ ఇంటి నుంచే. వంటంతా ప్రెషర్ కుక్కర్లోనే, ఊగినా ఒలకదు. మన టైము అక్కడికంటే మూడున్నర గంటలు ముందు. గాలి మోగిపోయే నాలుగింటికి ఇంట్లో ఏడున్నర, అంతా దొరుకుతారు. ఫోన్‌లో ఆ హోరు వినిపించి మా అమ్మాయి హడలిపోయేది. మీవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఇసుక మన పోర్టుకు నీళ్లలోంచి వస్తుంది, అక్కడ గాలిలోంచి వస్తుంది. రాత్రి మంచుకు తడిసి తాళ్ల మీద, కప్పీల్లో, జిప్పుల్లో పేస్టులా పట్టేస్తుంది. పొద్దున్నే మగ్గు మంచినీళ్లతో కడిగి తుడిస్తే వదులుతుంది, మధ్యాహ్నానికి ఉప్పుతో కలిసి గట్టిపడుతుంది.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకోటుంది. మేం పోట్లాడుకున్నది సముద్రం మీద కాదు, ఈ హార్బర్‌లోనే. ఆరేడు గంటలు ఆగకుండా తాళ్లు అరుస్తుంటే, మూడడుగుల దూరంలో ఉన్న మనిషితో కేకలేసి మాట్లాడాలి. ‘ఉప్పు ఇవ్వండి’ అన్నది కూడా తిట్టినట్టే వినిపిస్తుంది. ఐదో రోజు మేం టీ గ్లాసు విషయంలో నిజంగా మాటలు మానేశాం. ఆరో రోజు పొద్దున్న ఆయన ఒక్కరే ఒడ్డుకు వెళ్లి చేపల రేవులో కూర్చుని వచ్చారు, నేను ఒక్కదాన్నీ బోటు మీద పడుకుని తెలుగు వారపత్రిక పాతది అట్ట నుంచి అట్ట దాకా చదివాను. మధ్యాహ్నానికి ఇద్దరం మామూలైపోయాం. వంతుల వారీగా ఒడ్డుకు వెళ్లడం లంగరు కోసం పెట్టుకున్న రూలే గానీ, అది మాకు ఇలా కూడా పనికొచ్చింది. చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిళ్లలు ఒక డజను తీసుకెళ్లండి.

బయల్దేరేటప్పుడు తెల్లవారుజామున నాలుగైదింటికి లంగరెత్తండి. మీరు పోయేది వాయవ్యానికి. అప్పటిదాకా భయపెట్టిన గాలి అక్కడి నుంచి వీపు మీద చెయ్యి వేసి పంపిస్తుంది. సెయింట్ హెలీనా సుమారు 1,300 నాటికల్ మైళ్లు. మొదటి రెండు రోజులు అల పెద్దది, చలి ఎక్కువ. ఆ తర్వాత రోజుకో స్వెట్టరు విప్పుకుంటూ పోవడమే. వెనక్కి, దక్షిణానికి తిరిగి రావాలంటే మాత్రం నరకం. కాబట్టి బోటులో రిపేర్లు, కొనాల్సిన స్పేర్లు కేప్‌టౌన్‌లోనే పూర్తి చేసుకోవాలి, ‘లూడెరిట్జ్‌లో చూద్దాంలే’ అన్న మాట మీవారి నోట రానివ్వకండి. ఇంజనీర్లు ఆ మాట అంటారు, నాకు తెలుసు.

బోటు చేతికొచ్చాక దాని బరువు, లంగరు ఏ రకమో ఎన్ని కిలోలో, గొలుసు ఎన్ని మీటర్లో, ఎంత మందమో రాయండి. లెక్క వేసి చెబుతాను.